జమీందారు తొట్టీ, చాటుగాజూ

ఇలా రండి, ఇలా రండి, దగ్గరగా జరగండి. వెనకున్నవాళ్ళు ఆ గుసగుసలాపాలి. ఆ మరమరాల పొట్లం కాసేపు కింద పెట్టండి బాబూ, ఆ కరకరకి చందమామ మీది మాట మనదాకా వినబడదు. నే చెప్పేది ఇంకా జరగలేదు. మన మనవలకి మనవలు పుట్టాక జరుగుతుంది. అయినా జరిగిపోయినట్టే చెప్తాను, లేకపోతే మీరు "అప్పుడు చూద్దాంలే" అని లేచిపోతారు.

చందమామ మీద వెన్నెలపేట అని ఓ ఊరు. అక్కడ ఇటుకా సున్నం ఎక్కడ దొరుకుతాయి? చందమామ దుమ్మునే కరిగించి గాజు పోసేవారు. గోడ గాజు, కప్పు గాజు, గుమ్మం గాజు. ఎదురింటాయన పళ్ళు తోముకోడం దగ్గర్నించి పక్కింటావిడ పోపు పెట్టడం దాకా అన్నీ కనబడేవి. ఇవాళ ఏం కూరండీ అని అడిగే పనే లేదు.

ఆ ఊరి క్యాంటీన్లో వంట రత్తమ్మది. ఒంటరి మనిషి. అక్కడ ప్రాణమున్నదేదైనా పెంచుకోవాలంటే పర్మిషన్ కావాలి. ఆవిడకి బెట్టా చేపకి దొరికింది. ఫైటర్ చేప అంటాం చూడండి, అదే. నీళ్ళంటే అక్కడ బంగారం కన్నా ఎక్కువ కాబట్టి రూలు గట్టిది. చేప పోయిందా, తొట్టి నీళ్ళు ఊరి ట్యాంకులో పోసెయ్యాలి, ఆ మనిషికి మళ్ళీ ఇంకో చేప లేదు.

చేప ఎక్కిన రాకెట్టు రాకముందే రత్తమ్మ తొట్టి సిద్ధం చేసింది. చిన్న తొట్టే, రెండు బిందెల నీళ్ళు. శుభ్రానికి కలిపిన మందు వాసన పోయేదాకా నీళ్ళు ఊరికే నిలవబెట్టింది. చందమామ రాళ్ళు గాజుపెంకుల్లా ఉంటాయి, చేప తోక చీరేస్తాయని ఒక్కొక్కదాన్నీ బండ మీద అరగదీసి నున్నగా చేసి అడుగున పరిచింది. కాకినాడ నించి ఎండు బాదమాకు తెప్పించి వేస్తే నీళ్ళు పల్చటి టీ రంగుకి తిరిగాయి, బెట్టాకి ఆ రంగంటే ప్రాణం. నీళ్ళు గిరగిర తిప్పకుండా నెమ్మదిగా నడిచే ఫిల్టర్ పెట్టింది. అందులో స్పాంజిలో కంటికి కనబడని మంచి సూక్ష్మజీవులు పుట్టాలి, చేప మురికిని తినేసేవి అవే. అవి పుట్టేదాకా చేపని దింపకూడదు. అందాకా ఉత్త నీళ్ళకే కాపలా కాసింది.

"చేపేదమ్మా?" అని దారినపోయేవాళ్ళు అడిగేవారు.

"ఇంకా నీళ్ళు ముదరలేదు," అనేది.

"నీళ్ళు ముదరడమేంటీ, బెండకాయలా!"

చేప రానే వచ్చింది. నీలం రంగు, పట్టు పంచె కుచ్చెళ్ళలాంటి తోక. జమీందారు అని పేరు పెట్టింది. చందమామ మీద బరువు ఆరో వంతే కదండీ, జమీందారు ఓ ఎగురు ఎగిరాడంటే కప్పుకి తగిలి, నెమలీకలా తీరిగ్గా దిగేవాడు. ఈలోపు రత్తమ్మ పులుసులో ఉప్పేసి, కలిపి, రుచి చూసి, అప్పుడొచ్చి దోసిట్లో పట్టుకునేది. తరవాత మూత పెట్టిందనుకోండి. పైకొచ్చి గాలి పీల్చే జాతి కదా, నీటికీ మూతకీ మధ్య బెత్తెడు ఖాళీ ఉంచింది.

అంతా బాగానే ఉంది. కానీ పక్కింటి గవర్రాజుకి కూడా అదే రాకెట్లో ఓ బెట్టా వచ్చింది. ఎర్రటిది, పేరు కొత్వాలు. గవర్రాజు ఊరి గాలి మీటర్లు చూసే మనిషి, మీసాలాయన. బెట్టాకి నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. ఆ వీధి మొత్తానికి వేడినీళ్ళ పైపు వీళ్ళిద్దరి మధ్య గోడ పొడుగునే పోతుంది. ఇంకేముంది, ఇటు జమీందారు, అటు కొత్వాలు, మధ్య గాజు. మొప్పలు విప్పి, తోకలు విసనకర్రల్లా చాపి, తిండి మానేసి ఒకటే పోట్లాట. తోకలు పీలికలయ్యాయి.

"అన్నయ్యా, నీ కొత్వాల్ని కాస్త అటు జరుపు," అంది రత్తమ్మ.

"పైపు వదిలి జరిపితే చలికి చస్తాడు చెల్లెమ్మా. నీ జమీందార్నే జరుపుకో."

"నాది ముందొచ్చింది!"

"ఒకే రాకెట్లో వచ్చాయి కదే!"

"పెట్టె ముందు దించింది నాదే."

అన్నయ్యా చెల్లెమ్మా ఎగిరిపోయి, నువ్వెంతంటే నువ్వెంతన్నారు. అప్పుడు సైంటిస్టు హైమవతి కల్పించుకుంది. చక్కటి పిల్ల, ఎవరు గట్టిగా మాట్లాడినా తలనెప్పి ఆవిడకి. అందుకే చాటుగాజు కనిపెట్టింది.

చాటుగాజంటే చెప్తాను వినండి. చూడ్డానికి మామూలు గాజే. లోపల మాత్రం జుట్టు కన్నా సన్నటి రేకులు లక్షలు. ఒక్కో రేకూ వెలుతురుకి ఓ తలుపు. అవతల ఏముందో సెన్సార్లు కనిపెడుతుంటాయి. మనం వద్దన్నదాని మీంచి వచ్చే వెలుతురుకి ఆ తలుపులు మూసేసి, దాని వెనకేముందో ఆ బొమ్మ గీసేస్తుంది. మనిషిని దాచమంటే గొంతు కూడా దాస్తుంది, ఇటు మూస్తే అటునించీ మూతే. దాచడానికి ఒక చెయ్యి ఆనిస్తే చాలు. మళ్ళీ చూపించాలంటే మాత్రం గోడకి రెండు వైపులా ఒకేసారి చెరో చెయ్యి పడాలి. బలవంతం ఉండకూడదని హైమవతి అలా పెట్టింది.

గోడ మార్చారు. రత్తమ్మ అరచెయ్యి ఆనించింది.

"ఏం కనబడకూడదండీ?" అంది గాజు, మర్యాదగా.

"ఆ ఎర్ర చేప."

కొత్వాలు మాయం. జమీందారు అటూ ఇటూ చూసి, మొప్పలు ముడుచుకుని, తిండికొచ్చాడు. తోక మళ్ళీ పెరిగింది. రత్తమ్మకి ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఆగాల్సింది. మర్నాడు గవర్రాజు అటునించి ఏదో వెటకారమాడాడు, ఈవిడ మళ్ళీ చెయ్యి పెట్టింది.

"ఏం కనబడకూడదండీ?"

"వాడి మొహం!"

గాజు చెప్పింది చెప్పినట్టు చేసింది. గవర్రాజు తలకాయ లేకుండా కుర్చీలో కూచుని కాఫీ తాగుతున్నాడు. గ్లాసు నిండుగా పైకెళ్తోంది, ఖాళీగా దిగుతోంది. రత్తమ్మ కెవ్వుమని, "మొత్తం మనిషిని తీసెయ్యి తల్లీ!" అంది.

ఈ సంగతి ఊరంతా పాకింది. అందరూ చాటుగాజే కావాలన్నారు. అత్తాకోడళ్ళు, ఇరుగుపొరుగు, ఆఫీసర్లు, గుమాస్తాలు, గిట్టనివాణ్ణి గిట్టనివాడు గోడలోంచి తీసేశాడు. బయట ఎదురుపడితే అటు తిరిగి పోయేవారు. వెన్నెలపేట చల్లబడిపోయింది. హైమవతికి తలనెప్పి పోయింది.

ఊరు ప్రశాంతంగా ఉంది, ఏ ఇంట్లోనూ నవ్వు మాత్రం లేదు. క్యాంటీన్ పులుసులో పులుపు లేదు. రత్తమ్మని అడిగితే, "ఏమో, ఎలా ఉంటే ఏంటి," అనేది. ఆ మధ్యనే జమీందారు రంగు తగ్గడం మొదలైంది. నీలం కాస్తా బూడిదయింది. ఆకు మీద ఒరిగి పడుకున్నాడు. మేత ముక్కు ముందు పడ్డా కదల్లేదు.

రత్తమ్మ పరిగెత్తుకుంటూ వెళ్ళి హైమవతిని లాక్కొచ్చింది. "వీడు పోతే నాకింకోడు లేడమ్మా. పొద్దున లేచి మాట్లాడ్డానికి ఈ ఊళ్ళో ఇంకెవరున్నారు నాకు?"

హైమవతి నీళ్ళు పరీక్ష చేసింది, వేడి చూసింది, స్పాంజి చూసింది. అన్నీ సరిగానే ఉన్నాయి. జమీందార్నే చాలాసేపు చూసి, "పిన్నిగారూ, వీడికి రోగం లేదు. పనిలేదు," అంది.

"చేపకి పనేంటమ్మా?"

"రొమ్ము విరుచుకోడం. రోజంతా పోట్లాడితే చస్తాడు, అసలు పోట్లాడకపోయినా చస్తాడు. కాసేపు కొత్వాల్ని చూపించాలి. గోడ తెరవాలి. దానికి గవర్రాజుగారి చెయ్యి కావాలి."

రత్తమ్మ మొహం మాడిపోయింది. "వాణ్ణి నేనడగను."

హైమవతే పక్కింటికెళ్ళింది. గవర్రాజు తొట్టికి అడ్డంగా నుంచుని, "మా కొత్వాలు భేషుగ్గా ఉన్నాడు," అన్నాడు. ఆయన నడుం పక్కనించి చూస్తే కొత్వాలు ఆకు మీద వాలిపోయి ఉన్నాడు. ఎరుపు పోయి వెలిసిన ఇటుకలా ఉన్నాడు.

"ఒక్కసారి చెయ్యి పెట్టండి బాబాయిగారూ."

"ముందు ఆవిణ్ణి పెట్టమను."

ఇటొచ్చి చెప్తే, "ముందు వాణ్ణి పెట్టమను," అంది ఈవిడ. అటూ ఇటూ తిరగలేక హైమవతి కాళ్ళు లాగేసి కూలబడింది. సాయంత్రానికి జమీందారు ఆకు మీంచి జారి అడుక్కి పోయాడు. మొప్ప ఒక్కటే కదుల్తోంది. రత్తమ్మ చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని, లేచి వెళ్ళి, గోడకి అరచెయ్యి ఆనించింది.

"తెరువు. అవతలాయన ఎప్పుడు పెడితే అప్పుడు. అందాకా నేనిక్కడే నుంచుంటాను."

"రెండో చెయ్యి ఉందండీ," అంది గాజు. "తెరవనా?"

రత్తమ్మకి అర్థం కాలేదు. "ఎప్పుడు పెట్టాడు?"

"మీరాయన్ని దాచిన వారం నించీ, రోజూ ఈ వేళకి పెడుతున్నారండీ. కాసేపుండి తీసేస్తారు."

"మరి చెప్పవేం?"

"మొత్తం మనిషిని తీసెయ్యమన్నారు. ఆయన చెయ్యి కూడా ఆయనదే కదండీ."

రత్తమ్మ తలూపింది. గోడ తేటపడింది. సరిగ్గా ఆవిడ అరచేతికెదురుగా గవర్రాజు అరచెయ్యి ఉంది. మనిషి సగమైపోయాడు, మీసాలు వేలాడుతున్నాయి. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"చిక్కిపోయావేం?" అంది రత్తమ్మ.

"నీ పులుసు తినే చిక్కాను. కుడితిలా ఉంటోంది!"

"కుడితా? నీ నాలిక మీద తుప్పు పట్టింది, గాలి మీటర్లు నాకుతావా ఏంటి!"

కింద జమీందారు కన్ను తిరిగింది. ఎర్రటిదేదో కనబడింది. అడుగు నించి బాణంలా లేచి, మొప్పలు గొడుగులా విప్పాడు. అవతల కొత్వాలూ విప్పాడు. ఒంట్లోకి నీలం పాకుతుంటే, సిరా పోసినట్టు తొట్టంతా మెరిసింది. తరవాత మేత వేస్తే ఇద్దరూ ఎగబడి తిన్నారు. జమీందారైతే నీటి మీద బుడగల గూడు కట్టడం మొదలెట్టాడు. ఒంట్లో బాగుంటేనే కడతారండీ అది.

"ఇవాళ్టికి చేపలకి చాలు, మూసేస్తాను," అంది హైమవతి. "మరి మీకు?"

"మాకుండనీ అమ్మా," అంది రత్తమ్మ, కొంగు నడుముకి దోపుతూ. "నా మాట ఇంకా పూర్తవలేదు."

ఆ రాత్రి క్యాంటీన్లో పులుసు తిని ఊరంతా చెయ్యి నాకారు. విషయం తెలిశాక ఎవరి గోడ దగ్గరికి వాళ్ళు పరిగెత్తారు. చూస్తే సగం గోడల మీద అవతల చేతులు ముందే ఉన్నాయి. అప్పట్నించి వెన్నెలపేటలో రోజూ కాసేపు కయ్యంపూట అని పెట్టారు. గోడలు తెరుస్తారు, అరుచుకుంటారు, ఆ తరవాత భోజనాలు. హైమవతి చెవుల్లో దూది పెట్టుకుంది.

పక్కన ఇంకో చేప లేని బెట్టాకి ఏం చెయ్యాలని ఎవరో అడిగితే, కాసేపు అద్దం చూపిస్తే చాలని చెప్పింది. అక్కడ వింటున్నవాళ్ళలో చిట్టిబాబని ఓ బ్రహ్మచారి ఉన్నాడు. పోట్లాడ్డానికి ఇరుగూ లేదు, పొరుగూ లేదు, ఓ పక్క గోడౌను, ఓ పక్క బండరాయి. ఆ మాట విని ఇంటికి పోయాడు. కాసేపటికి ఎర్రబడ్డ మొహంతో, చింపిరి జుట్టుతో, రొప్పుతూ తిరిగొచ్చాడు.

"ఏమైంది బాబూ?" అంది హైమవతి.

"అద్దం ముందు నుంచున్నానండీ. నా పాటికి నేను ఊరుకున్నాను. ముందు వాడే మొదలెట్టాడు!"