కాపలా పేరు వజ్ర గార్డ్

ఆదోని స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే సంతోష్, మంగళవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి హైదరాబాదుకు ఫోన్ చేశాడు.

"సార్, వజ్ర గార్డ్ అని ఒక యాంటీవైరస్ అమ్ముతాండారు. అది వైరస్‌ను పట్టేది కాదు సార్. అదే..."

మాట పూర్తి కాలేదు. నంబరు ప్లేటు లేని జీపు ఒకటి అతన్ని షాపు మెట్ల మీదే గుద్దేసి వెళ్లిపోయింది.

ఆ ఫోన్ ఎత్తింది గూఢచారి విభాగం చీఫ్ జయరాం. అరగంటలో ఏజెంట్ భరత్ ఆయన ఎదుట నిలబడ్డాడు. ఆరేళ్ల కిందట సంతోష్‌ను డిపార్ట్‌మెంట్‌కు ఇన్‌ఫార్మర్‌గా తెచ్చింది భరతే. సంతోష్‌కు ఇద్దరు ఆడపిల్లలని కూడా అతనికి తెలుసు.

"విదేశీ ముఠా," అన్నాడు జయరాం. "కర్నూలు పడమటి ఊళ్లలో మూడువేల ఇళ్ల కంప్యూటర్లలో ఇది ఎక్కించారు. ఇళ్ల కంప్యూటర్లతో వాళ్లకేం పని?"

"వాళ్లకు కావలసింది ఒక్క ఇల్లే అయ్యుంటుంది సార్. మిగతావి ముసుగు."

జయరాం ఒక ఫోటో టేబుల్ మీద పెట్టాడు. "నాగేష్. నందవరం అవతల కరెంటు గ్రిడ్ సబ్‌స్టేషన్‌లో కంట్రోల్ ఇంజనీర్. కాపురం ఎమ్మిగనూరులో. ఇతని ఇంట్లోనూ వజ్ర గార్డ్ ఉంది. ఆ కంట్రోల్ సిస్టమ్‌కు ఇంటర్నెట్ లేదు. లోపలివాడు సాయం చేస్తే తప్ప బయటివాడు అందులోకి పోలేడు. రేపు మధ్యాహ్నం పన్నెండుకు ఇతన్ని దేశద్రోహం కింద అరెస్ట్ చేయమని ఆర్డర్ వచ్చింది."

"అతను ద్రోహి కాకపోతే?"

"పన్నెండులోపు తేల్చు. చేతికి బేడీ పడ్డాక తేలినా ఎవడూ నమ్మడు. ఇంకొకటి. ఆదోనిలో శోభ అని వజ్ర గార్డ్ ఏరియా మేనేజర్ ఉంది. వాళ్ల దగ్గర పనిచేస్తూనే మనకు కబుర్లు పంపుతోంది. ఎవరి మనిషో నాకింకా అంతుబట్టలేదు."

మర్నాడు ఎనిమిదింటికి ఆదోని పత్తి యార్డులో భరత్ కంప్యూటర్ మెకానిక్ వేషంలో ఉన్నాడు. భుజాన సంచి, జేబులో బాల్‌పెన్. పెన్ను మూత తీస్తే లోపల ఒక స్కానర్ ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌కు తగిలిస్తే లోపల దాక్కున్నదంతా బయటపడుతుంది.

తొమ్మిది కావస్తుండగా తెల్లకారు ఆగింది. మామిడిపండు రంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. తలలు తిప్పి చూస్తున్న హమాలీలను ఆమె పట్టించుకోలేదు.

"ఈ ఏడు పత్తికి తేమ ఎక్కువంట," అన్నాడు భరత్.

"ఆరితే తూకం దిగుతుంది," అంది శోభ. కోడ్ సరిపోయింది. అద్దాలు తీసింది. కళ్లు ఏడ్చి వాచి ఉన్నాయి. "సంతోషన్నను సంపుతారని నాకు తెలీదు."

"తెలిసింది చెప్పు."

"ఈ దినం పదకొండు గంటలు. నాగేష్ ఇంట్లో కంప్యూటర్. అంతే చెవినబడింది. ఏం జరుగుతుందో నాకు చెప్పరు."

"ఆ ఇంట్లో దాన్ని ఎవరు పెట్టారు?"

ఆమె యార్డు వైపు చూసింది. "నేనే. వాళ్లావిడ నన్ను కూసోబెట్టి టీ ఇచ్చినాది. ఆ టీ తాగతానే ఇన్‌స్టాల్ చేసినాను."

నిజమో, ఎరో భరత్‌కు తెలియలేదు. బైకు ఎమ్మిగనూరు వైపు తిప్పాడు.

తొమ్మిదీ ముప్పావు. నాగేష్ ఇంటి పక్కనే మగ్గం ఆడుతున్న చప్పుడు. తలుపు తీసింది అతని భార్య పావని. చీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు వేసి చేనేత సొసైటీకి ఇస్తుంటుంది.

"వజ్ర గార్డ్ చెకింగ్‌కు వచ్చానమ్మా."

"రాన్నా. వారం నుంచీ ఈ కంప్యూటర్ శానా నిదానంగా నడస్తాంది."

భరత్ పెన్ను మూత తీసి తగిలించాడు. స్కాన్ మొదలైంది. "అన్నిట్లో ఇదే ఎందుకు తీసుకున్నారు?"

"ఏం సెప్పేదన్నా. ఒకరు ఫ్రీది సాలన్నారు. ఇంకొకరు రెండు కలిపి ఏసుకోమన్నారు. ఏది మంచిదో నాకు అర్థమే కాలేదు. ఒగ దినం తెరంతా ఎర్రగా అయి, నాలుగొందల పన్నెండు వైరస్సులు ఉండాయని వచ్చె. మూడేండ్ల డిజైన్లు అన్నీ ఇందులోనే కదా, గుండె జారిపోయె. మరుసటి దినమే ఆ యమ్మ మా వాకిట్లోకి వచ్చినాది. దేవుడే పంపినాడనుకున్నా."

స్కాన్ ముగిసేసరికి పదీ ఇరవై దాటింది. భరత్ వరుసలు చదివాడు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన సొంత రక్షణను వజ్ర గార్డ్ మొదటిరోజే ఆపేసింది. అప్‌డేట్లు రాకుండా చేసింది. తగిలించిన ప్రతి పెన్‌డ్రైవ్‌లోకి దొంగచాటుగా ఎక్కుతోంది. గ్రిడ్ బ్రేకర్లను ఒక్కసారిగా తెరిచి కరెంటు సరఫరా తెంచే ప్రోగ్రాం అది. కంట్రోల్ సిస్టమ్ లోపలికి పోతే ఆస్పత్రులతో సహా నాలుగు జిల్లాలు చీకటి.

భరత్ తానెవరో, సంతోష్‌కు ఏమైందో చెప్పాడు. "ఆ ఎర్రతెర పంపింది కూడా ఈ వజ్ర గార్డ్ వాళ్లేనమ్మా. మీ కంప్యూటర్‌లో ముందే ఒక రక్షణ ఉంది. అప్‌డేట్లు ఆపకపోతే ఇంటికి చాలావరకు అదే చాలు. ఇంకోటి కావాలంటే తయారుచేసినవాళ్ల సైట్ నుంచే తెచ్చుకోవాలి. భయపెట్టి అమ్మేదాన్ని మాత్రం నమ్మకూడదు."

పావని గోడకు ఆనుకుంది. "అంటే... ఉన్న కావలోణ్ణి తరిమేసి దొంగను కూసోబెట్టినానా?"

"నాగేష్ పెన్‌డ్రైవ్ వాడతాడా?"

"ఆఫీసు ఫైళ్లు ఈడనే సరిసేసుకుంటాడు. తీసకపోకూడదంట, అయినా తీసకపోతాడు. తొమ్మిదికే జోబులో ఏసుకోని పోయినాడు. పదకొండుకు సిస్టంలో ఎక్కియ్యాలంట."

భరత్ చీఫ్‌కు ఫోన్ చేశాడు. "నాగేష్ ద్రోహి కాదు సార్. సబ్‌స్టేషన్‌కు వెంటనే చెప్పండి."

రెండు నిమిషాల తర్వాత జయరాం తిరిగి ఫోన్ చేశాడు. "అక్కడి ఫోన్ లైన్ తెగిపోయింది భరత్. ఎవరో కోసేశారు. సెల్‌ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు."

పావని అప్పటికే చెప్పులు తొడుక్కుంది. "నేనూ వస్తా. నువ్వెవరో ఆయనకు తెలీదు. నా మాటైతే ఇంటాడు."

నందవరం రోడ్డు మీద సగం దూరం పోయాక అద్దంలో జీపు కనిపించింది. నంబరు ప్లేటు లేదు. బైకు వెనక చక్రానికి మూరెడు దూరంలోకి వచ్చింది. అప్పుడే ఎదురుగా ఒక తెల్లకారు వేగంగా వచ్చి, బైకును తప్పించి నేరుగా జీపును ఢీకొట్టింది. రెండూ కందిచేలోకి దొర్లిపోయాయి.

భరత్ బ్రేక్ వేశాడు. పగిలిన కిటికీలో శోభ ముఖం కనిపించింది, చేయి బయటికి వచ్చింది. రమ్మని కాదు, పొమ్మని ఊపింది.

"మా ఇంటికి వచ్చిన ఆ యమ్మే కదన్నా!" అంది పావని.

పదీ యాభై. భరత్ పళ్లు బిగించి బైకు పోనిచ్చాడు.

పదీ యాభై ఏడు. సబ్‌స్టేషన్ గేటు. కాపలావాడు భరత్ కార్డును తిప్పి తిప్పి చూస్తున్నాడు. పావని ఆగలేదు. అడ్డుకర్ర కింద దూరి పరుగెత్తింది. కంట్రోల్ రూము అద్దం తలుపుకు తాళం. లోపల నాగేష్ వీపు తిప్పి కూర్చున్నాడు, చేతిలో పెన్‌డ్రైవ్. అరచేతులతో బాదింది. ప్యానెళ్ల హోరులో అతనికి వినబడలేదు.

తలుపు పక్కన నిప్పు ఆర్పే ఎర్ర ఇసుక బకెట్లు వేలాడుతున్నాయి. ఒకటి లాగి అద్దం మీదికి విసిరింది.

అద్దం భళ్లున పగిలింది. నాగేష్ ఉలిక్కిపడి తిరిగాడు. పెన్‌డ్రైవ్ కొన పోర్టును తాకి ఆగింది.

"పెట్టద్దప్పా! దాంట్లో సావు ఉండాది!"

గోడ గడియారంలో పదకొండు కొట్టింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

పన్నెండుకు వచ్చిన పోలీసులు బేడీలు వేయలేదు. రూలు తప్పినందుకు నాగేష్‌కు సస్పెన్షన్ మాత్రం తప్పలేదు. జీపు డ్రైవర్ దొరికాడు కానీ, వాడికి ఆర్డర్లు పంపినవాడు ఏ దేశంలో ఉన్నాడో వాడికే తెలియదు. పావని గాజుపెంకు కోసిన చేతికి కట్టు కట్టించుకుంటూ, "సంతోష్ అనే ఆ యన్న పిల్లోళ్లు ఇప్పుడు యాడున్నారు?" అని అడిగింది. "ఆదోనిలోనే," అని భరత్ బైకెక్కాడు.

మధ్యాహ్నం మూడింటికి అతను ఆదోనిలో ఒక ఆస్పత్రి బెంచీ మీద ఉన్నాడు. లోపల శోభకు ఇంకా స్పృహ రాలేదు. డాక్టర్ ఏ మాటా గట్టిగా చెప్పడం లేదు. జీపు పోతోందని పసిగట్టి ముందే నందవరం రోడ్డు మీద కాపు కాసిందంటే, ఆమె ఎవరి మనిషో తేలింది. తేలిన తీరే అతనికి మింగుడుపడలేదు.

ఫోన్ మోగింది. జయరాం.

"శభాష్ భరత్. ఆ మూడువేల ఇళ్లూ శుభ్రం చేయిద్దాం. అవునూ, ఆ వజ్ర గార్డ్ నీలిరంగు డబ్బాలో వస్తుందా?"

"అవును సార్. ఎందుకు?"

"మా ఆవిడ పోయిన నెల ఆదోనిలో పెళ్లికి వెళ్లి ఒకటి కొనుక్కొచ్చింది."

భరత్ బెంచీ మీంచి లేచాడు. "సార్, మీ ఇంటి కంప్యూటర్ ఆపి ఉందా?"

"లేదయ్యా. ఢిల్లీకి పెన్‌డ్రైవ్‌లో పంపాల్సిన రహస్య నివేదిక ఇప్పుడు దాంట్లోనే టైప్ చేస్తున్నాను."