ఎత్తు కాలరు దొర

ఇంగ్లండ్‌లోని బర్స్‌లెమ్‌లో మూతపడ్డ ఆ పింగాణీ ఫ్యాక్టరీ ముందు నుంచి చీకటిపడ్డాక ఎవరూ నడిచేవాళ్ళు కాదట. పై అంతస్తులో మగాళ్ళు గుంపుగా మూలుగుతారని... ఒకడి తర్వాత ఒకడు... ఊరంతా చెప్పుకునేవాళ్ళు.

ఎల్సీ మాత్రం వెళ్ళింది. వెళ్ళక తప్పలేదు — తెల్లారితే పొక్లెయిన్ వస్తుంది, మిగిలిన సరుకంతా తుక్కు చేసేస్తుంది.

సరుకంటే మొహం జగ్గులు. జగ్గంతా ఒక మగాడి తలే — పౌడరు విగ్గు, మూడు మూలల టోపీ, గడ్డం దాకా చుట్టిన పట్టు గుడ్డ — పాతకాలపు దొరల సోకులన్నీ. జనం కొని అద్దాల బీరువాల్లో దాచుకునేవాళ్ళు. ముప్పై ఏళ్ళు వాటికి కళ్ళూ పెదాలూ దిద్దింది ఎల్సీయే. చివరి ఏడాది ఒక ఎత్తు కాలరు దొరకి, పోయిన తన మొగుడు జేబెజ్ చూపూ, జేబెజ్ నవ్వూ దిద్దింది.

సూపర్‌వైజరు ఇట్టే పోల్చుకున్నాడు. "బట్టీ కూలోడి మొహానికి దొర కాలరా?" అని నవ్వి, పనికిరాని సరుకులో పడేయించాడు.

గేటు దగ్గర కాపలా ముసలాయన ఎనక్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దే ఎల్సీ... అవి మాట్లాడతాయే."

"మాట్లాడనీ బాబాయ్. ఆ నోళ్ళు నేను దిద్దినవేగా."

మెట్లెక్కింది. చివరి మెట్టు మీద ఉండగా — మొదలైంది.

హూ...మ్.

దానికి జవాబుగా ఇంకొకటి... ఆ తర్వాత గది గదంతా.

అయినా తలుపు తన్నింది.

"నోరు ముయ్యండి! మీ సోకులన్నీ నేనేసిన రంగులే. నా మొగుణ్ణి తీసుకుపోతున్నా — అడ్డమొచ్చేవాడెవడో రండి!"

మూలుగు పెద్దదైంది. ఎల్సీ నేరుగా విగ్గు దొర దగ్గరికెళ్ళి, జగ్గు మూతి మీద అరచెయ్యి నొక్కింది. ఆ గొంతు ఆగింది. తీసింది — మళ్ళీ మొదలు. చెంపకి చల్లగా ఏదో తగిలింది. పగిలిన కిటికీలోంచి గాలి... ఖాళీ జగ్గుల్లోకి ఊదుతోంది.

అంతే!

పడీ పడీ నవ్వింది. జేబెజ్‌ని వెతికి, దుమ్ము తుడిచి, కోటు లోపల పెట్టి బొత్తాలు బిగించి దిగింది.

కింద, గేటు దగ్గర ఆకు కదలడంలేదు. గాలి పూర్తిగా పడిపోయింది.

అప్పుడు... కోటు లోపల్నుంచి — దగ్గు.

పొడి దగ్గు. ఏళ్ళ తరబడి మట్టి దుమ్ము పీల్చినవాళ్ళకొచ్చే దగ్గు. జేబెజ్‌ని తీసుకుపోయిన దగ్గు.

ఎనక్ చేతిలో టార్చి జారిపోయింది. "పారెయ్... పారెయ్యవే!"

"పారెయ్యడానికా తెచ్చుకుంది?"

ఎల్సీ రెండు చేతులూ కోటు మీద బిగించింది.

"దగ్గుకో జేబెజ్... ఇంటికెళ్ళగానే వేడిగా టీ పెడతా."

తల ఎత్తుకుని, వీధి నడిమధ్య నుంచే నడిచి వెళ్ళింది.