బెత్తెడు దూరం

గ్రోస్కేర్ దీవిలో పడవలు కట్టే గట్టు చివర నీళ్లలో ఒక కొలకర్ర పాతి ఉంటుంది. తెల్ల రంగు మీద నల్ల గీతలు. పక్కనే ఒక నల్లబల్ల. వెర్నర్ ముప్ఫై ఏడేళ్లుగా రోజుకి రెండుసార్లు ఆ కర్ర దగ్గరికొచ్చి నీరెంతుందో చూస్తాడు. ఇంట్లో బారోమీటరు చెప్పింది దానికి కలుపుకుని, ఎంత లోతు పడవ బయటికి పోవచ్చో సుద్దముక్కతో బల్ల మీద రాస్తాడు. ఆ రాత దాటి దీవిలో ఎవరూ లంగరు ఎత్తరు.

ఆ సముద్రానికి ఆటుపోట్లు లేవు. పున్నమి వచ్చినా అమావాస్య వచ్చినా దానికి పట్టదు. గాలి ఎటు వీస్తే, ఆకాశం ఎంత బరువుగా మీద కూర్చుంటే, దాన్నిబట్టి నీరు తగ్గుతుంది, పెరుగుతుంది. బారోమీటరు ముల్లు పైకి పోయిందంటే నీరు దిగుతుందని లెక్క. అదీ చీమ గోడెక్కినంత నిదానంగా. ఎంతసేపు చూసినా కదిలినట్టుండదు. కాసేపు తల తిప్పి మళ్లీ చూస్తే రాయి మునిగి ఉంటుంది.

నేల కూడా ఊరుకోదు అక్కడ. ఏడాదికి చిటికెన వేలి గోరంత పైకి లేస్తుంది. తాత పడవ కట్టిన చోట మనవడు బంగాళాదుంపలు వేసుకుంటాడు. ఆ సంగతి దీవిలో పుట్టిన పసిపిల్లకైనా తెలుసు. వెర్నర్‌కి కూడా తెలుసు. ఒక్కరోజు మాత్రం మర్చిపోయాడు.

మే నెల మొదటి వారం. వారం రోజులుగా ఆకాశంలో మబ్బు తునక లేదు. సాయంత్రం వెర్నర్ బల్ల మీద రాసి సుద్దముక్క జేబులో వేసుకుంటుంటే, ఆ ఏడాది పడవలవాళ్లకి పెద్దగా ఉన్న రూనర్ వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏం రాశావు పెద్దాయనా?"

"నీకు చదువు రాదా?"

"వచ్చు గనకే అడుగుతున్నా. 'రేపు నీరు పెరుగును' అని ఉంది. మా ఇంట్లో బారోమీటరు ముల్లు పైకి పోయి పోయి కప్పు తాకేట్టుంది. నీదేమన్నా తలకిందులుగా తగిలించావా?"

వల బాగుచేసుకుంటున్న టూరె తలెత్తకుండానే అందుకున్నాడు. "వెర్నర్ మామ దగ్గర పాత పాయ పేరెత్తి చూడు. ఎంత ఎండలోనైనా నీరు పెరిగిపోద్ది."

గట్టు మీద నలుగురూ నవ్వారు. వెర్నర్ నవ్వలేదు.

"పాత పాయలో రాళ్లు చెడ్డవి. మీ నాన్నలకి చెప్పాను. మీకూ చెబుతున్నా."

"నాన్నలు విన్నారు. నువ్వు చూపించిన కొత్త పాయ తవ్వుకున్నారు," అన్నాడు రూనర్. "ఇప్పుడందులో నా పడవ అడుగు గీరుకుపోతోంది. నీరు ఇంత దిగడం నేను పుట్టాక చూళ్లేదు. రేపు ఎనిమిదింటికి పదిమందిమి గడ్డపారలు పట్టుకుని పాత పాయకే పోతున్నాం, రాళ్లు తీసి పడవలకి దారి చేసుకోవడానికి. ఆడవాళ్లు కాఫీ తెస్తారు. నువ్వూ రా, ఒడ్డున కూర్చుని తిట్టుకుందువుగాని."

వెర్నర్ కొలకర్ర వైపు చూశాడు. అట్టడుగు గీత కూడా నీటి పైనే ఉంది. దాని కింద, తాను ఎప్పుడూ చూడని చెక్క, నాచు పట్టి నల్లగా...

మర్నాడు నాలుగింటికే లేచాడు. ఆ నెలలో ఆ వేళకే అక్కడ ఎండ ఉంటుంది. గోనెసంచీ, గడ్డపార తీసి గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి తిరిగితే, పొయ్యి దగ్గర భార్య హిల్మా నిలబడి ఉంది.

"ఎక్కడికి?"

"కొలత చూడ్డానికి."

"గోనెసంచీతో కొలుస్తావా?"

అతను టోపీ పెట్టుకున్నాడు. ఆమె ఫ్లాస్కు నిండా కాఫీ పోసింది. ఎప్పటిలాగే రెండు చక్కెర బిళ్ళలు కాగితంలో చుట్టి సంచీలో వేసింది.

"నేను చక్కెర తిననే. ఎన్నేళ్లు చెప్పాలి?"

"తెలుసు."

"మరెందుకు కడతావు?"

"చేతికి అలవాటు," అంది హిల్మా. "నీకు కట్టి అలవాటైంది కాదులే."

అది అతని తమ్ముడి అలవాటు. ఎలిస్ చక్కెర బిళ్ళని కటుక్కున సగానికి కొరికి, ఆ సగం పళ్ల మధ్య పెట్టుకుని కాఫీ పీల్చేవాడు. రెండో సగం సాసరు అంచున హిల్మాకి వదిలేవాడు. అప్పటికింకా ఆమె వెర్నర్ భార్య కాదు.

తెడ్లు వేస్తుంటే పడవ అద్దం మీద జారినట్టు పోయింది. గాలి లేదు. అల లేదు. ఏ పక్షీ అరవలేదు. దీవి పక్కన బయటపడ్డ బురద మీంచి కుళ్లిన నాచు వాసన గొంతుకి అడ్డం పడుతోంది. వెర్నర్‌కి ఒకటే ఆలోచన. ఎనిమిదయ్యేలోగా పాత పాయలో ఆ రాయి కింద ఉన్నది సంచీలో పడాలి. సంచీ లోతు నీళ్లలో పడాలి.

ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట ఇలాంటి రోజే అన్నదమ్ములిద్దరూ రాళ్లు తీయడానికి ఆ పాయలోకి దిగారు. ఒక రాయి దొర్లి ఎలిస్ ఎడమ కాలి మీద కూర్చుంది. నడుము దాకా నీళ్లు. "అన్నా, గడ్డపార ఇటివ్వు," అన్నాడు నొప్పితోనే నవ్వుతూ. వెర్నర్ గడ్డపార తీసి పక్కనున్న పలక బండ మీద పెట్టాడు. తమ్ముడి వేళ్లు ఎంత సాగినా బెత్తెడు దూరం మిగిలేలా పెట్టాడు. ఆ వేళ్లు తడుముకోవడం కాసేపు చూసి, పడవలోకి వెళ్లి కాఫీ పోసుకున్నాడు.

"హిల్మాని వదిలేస్తానని చెప్పు. అందిస్తా."

ఎలిస్ ఇంకా నవ్వాడు. అప్పటికే గాలి నైరుతికి తిరిగింది. నీరు పెరగడం మొదలైంది. రొమ్ము దాకా వచ్చాక ఎలిస్ నవ్వడం మానాడు. గడ్డం దాకా వచ్చాక ఆ మాట చెప్పాడు.

"వినపడలేదు. గట్టిగా."

గట్టిగా చెప్పాడు. గొంతు దాకా నీళ్లున్నవాడి మాట ఒడ్డెక్కాక నిలుస్తుందా అని వెర్నర్ ఆలోచించాడు. ఆలోచిస్తూ ఇంకో కప్పు పోసుకున్నాడు.

ఎలిస్ వాసా రేవులో కలప ఓడ ఎక్కి వెళ్లిపోయాడని ఊళ్లో చెప్పాడు. హిల్మా ఒక ఏడాది ఎదురుచూసింది. వెర్నర్ కొలకర్ర పని అడిగి తీసుకున్నాడు. నీరు బాగా తగ్గిన ప్రతిసారీ ఎవర్నీ పాత పాయవైపు పోనీయలేదు. ఒక్క నేలనే ఆపలేకపోయాడు. ముప్ఫై ఎనిమిదేళ్లలో అది జానెడున్నర లేచింది.

ఇప్పుడు వెళ్లి చూసేసరికి రాయి బయటే ఉంది. పైభాగం ఎండి తెల్లగా పొక్కింది. పాయలో చీలమండ దాకే నీళ్లు.

అతను పడవకి లంగరు వేసి దిగాడు. గడ్డపార దూర్చి బలంగా నొక్కితే రాయి ఓ పక్కకి లేచింది. కింద ఏదో నల్లగా కనిపించింది. రెండు చేతులూ కావాలి. గడ్డపార తీసి పక్కనున్న బండ మీద పెట్టాడు. రాయి దిగిపోకుండా ఎడమ కాలు అడ్డం పెట్టి, వంగి, చెయ్యి లోపలికి పోనిచ్చాడు. నానిన తోలు చేతికి తగిలింది. బూటు.

అప్పుడు రాయి దిగింది. పడినట్టు కాదు. దాని మీద ఎవరో వచ్చి మెల్లగా కూర్చున్నట్టు...

ఎముక విరిగిన చప్పుడు అతనికి ముందు వినపడింది. నొప్పి తర్వాత తెలిసింది. చెయ్యి లాక్కున్నాడు. కాలు రాలేదు. గడ్డపార కోసం పక్కకి వాలాడు. వేళ్లు సాగదీశాడు.

బెత్తెడు దూరం.

అప్పుడు చూశాడు ఆ బండని. పలకగా, అంచు విరిగి... అదే బండ. తన చేత్తో తనే పెట్టాడు మళ్లీ.

ఎనిమిదింటికి వాళ్లు వస్తారులే, అనుకున్నాడు. పళ్లు బిగపట్టి కూర్చున్నాడు. ఏం చెప్పాలో కూడా ఆలోచించుకున్నాడు. ఎవరిదో పాత శవం, నాకేం తెలుసు?

చల్లగా ఏదో మోకాలు తాకింది.

నీళ్లు.

గాలి లేదు. ఆకాశం అలాగే ఉంది, నీలంగా, బరువుగా. ఇరవై అడుగుల అవతల పొడి రాళ్ల మీద ఒక చిన్న పిట్ట పురుగులు ఏరుకుంటోంది. దాని కాళ్ల కింద తడి లేదు. ఇక్కడ మాత్రం నడుము దాటింది.

వెనక పడవలో ఫ్లాస్కు మూత తిరిగిన చప్పుడు. తర్వాత ధార. కాఫీ వాసన...

అతను తల తిప్పలేకపోయాడు. కాలు తిరగనివ్వలేదు.

"ఎవరు?"

 కటుక్‌మని చిన్న చప్పుడు.

రొమ్ము దాకా వచ్చింది. బండ మీద గోళ్లు విరిగాయి. మళ్లీ సాగాడు. బెత్తెడు దూరం.

"ఎలిస్..." గుసగుసగా అన్నాడు. "రేయ్... గడ్డపార అందించరా."

"చెప్పు."

వీపు వెనక నుంచి. మామూలు గొంతు. పాతికేళ్ల వయసు గొంతు.

వెర్నర్ నోరు బిగించాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు పెళ్లానికి చెప్పలేదు, పాదిరికి చెప్పలేదు. నీళ్లు గడ్డం తాకాయి. పెదవులు తాకాయి. ముఖం పైకెత్తాడు.

"నేనే... చంపాను."

"వినపడలేదు. గట్టిగా."

అరిచాడు. దీవి దాకా వినపడేలా అరిచాడు. అవతల పిట్ట తల కూడా ఎత్తలేదు.

వెనక, తీరిగ్గా, ఇంకో కప్పు కాఫీ పోసుకుంటున్న చప్పుడు...

ఎనిమిదింటికి రూనర్ వాళ్లు వచ్చేసరికి పాయలో చీలమండ దాకే నీళ్లు. వెర్నర్ రాయి పక్కన ఒరిగి కూర్చుని ఉన్నాడు. తల మీద టోపీ పొడిగా ఉంది. కనుబొమల కింద నుంచి మనిషంతా నీళ్లోడుతున్నాడు.

"గుండె ఆగిందేమో," అన్నాడు టూరె.

రూనర్ భుజం పట్టి వంచితే నోట్లోంచి నీళ్లు పడ్డాయి. చాలాసేపు పడుతూనే ఉన్నాయి.  రూనర్ గడ్డపార అందుకుని రాయిని నెట్టాడు. ఒంటి చేత్తో నెడితే పక్కకి పోయింది. వెర్నర్ కాలి పక్కన ఇంకో బూటుంది. పాతకాలందీ, ఎడమ కాలిదీ. లోపల ఎముకలు ఉన్నాయి. ఆ ఒక్క కాలివే. మిగతా మనిషిని ఏ చలికాలం సముద్రం మీద గడ్డకట్టిన మంచు ఎటు లాక్కుపోయిందో.

ఆడవాళ్ల పడవలోంచి హిల్మా దిగి, నీళ్లలో నడుచుకుంటూ వచ్చింది. మొగుణ్ణి చూసింది. బూటుని చూసింది. బూటుని ఎక్కువసేపు చూసింది.

"ఈ కాఫీ ఎవరిది?" అన్నాడు టూరె.

పలక బండ మీద ఫ్లాస్కు మూత ఉంది. సగం తాగిన కాఫీ. ఆవిరి ఇంకా లేస్తోంది. దాని అంచున సగం చక్కెర బిళ్ళ, కొరికిన గాటుతో.

హిల్మా దాన్ని తీసి గుప్పిట్లో పెట్టుకుంది. "ఇంకోటేదీ?" అంది.

"ఇంకోటేంటి అత్తా?"

"రెండు కట్టాను."

పడవలో వెతికారు. వెర్నర్ జేబులు వెతికారు. తడిసిన సుద్దముక్క దొరికింది. చక్కెర దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే, ఇక కొలకర్ర చూసేవాళ్లెవరున్నారు అనుకుని, హిల్మా సుద్దముక్క పట్టుకుని తలుపు తీసింది. ఆరిన బాట మీద రేవు నుంచి ఇంటిదాకా తడి అడుగులున్నాయి. అన్నీ కుడి కాలివే. మెట్లెక్కాయి. గడప దాటాయి. తిరిగి వెళ్లినవి ఒక్కటీ లేవు.

ఆమె వెనక, వంటింట్లో, కటుక్‌మని చిన్న చప్పుడైంది.