కూలర్‌లో మిగిలిన నీళ్లు

ఆదివారం మధ్యాహ్నం. క్యారమ్ ఆడదాం రమ్మని పక్కింటి అలేఖ్య అప్పటికే రెండుసార్లు పిలిచింది. స్నిగ్ధకేమో కూలర్ పని ఇంకా మిగిలే ఉంది.

ఖానాపూర్‌లో వానలు మొదలయ్యాయి. ఇక కూలర్‌తో పనిలేదని నాన్న దాన్ని కిటికీ దగ్గర్నుంచి తీసి, వెనక వరండాలో పెట్టాడు. లోపలి నీళ్లు వంపి, గడ్డి తీసేసి, తుడిచి, ఆరాక దుప్పటి కప్పమని అమ్మ ప్రమోదిని చెప్పింది. ఆరో తరగతికి వచ్చింది కాబట్టి ఈసారి ఆ పని స్నిగ్ధదే.

స్నిగ్ధ పైపైన తుడిచింది. అడుగున నీళ్లు పోయే రంధ్రం మూత బిగుసుకుపోయింది, ఎంత తిప్పినా రాలేదు. తర్వాత చూద్దాంలే అనుకుని దుప్పటి కప్పేసి, పరుగెత్తింది. సాయంత్రం అమ్మ అడిగితే అంతా అయిపోయిందని చెప్పింది. ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయింది.

మూడు వారాలు గడిచాయి. అలేఖ్యకు జ్వరం వచ్చింది. డెంగీ అని తేలడంతో నిర్మల్ ఆసుపత్రిలో చేర్చారు. బడిలో స్నిగ్ధ పక్కన చోటు ఖాళీగా ఉండిపోయింది.

మర్నాడు ఆశా కార్యకర్త రోజారాణి ఆ వీధిలో ఇల్లిల్లూ తిరుగుతూ వీళ్లింటికి వచ్చింది. పూలకుండీలు, డ్రమ్ములు చూసింది. వరండాలో దుప్పటి ఎత్తి, కూలర్ లోపలికి టార్చి వేసింది. నీళ్లలో సన్నని పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

అమ్మ స్నిగ్ధ వైపు చూసింది. "నీళ్లు వంపిన అన్నవ్ గదా బిడ్డా?"

"మూత రాలే అమ్మా. ఆడుకోనీకి పోవాల్నని అబద్ధం చెప్పిన."

అమ్మ కోప్పడలేదు. అదే స్నిగ్ధకు ఎక్కువ బాధగా అనిపించింది. తను రోజారాణి దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగింది. "అక్కా, అలేఖ్యకు నా వల్లనే జ్వరం వచ్చిందా?"

రోజారాణి టార్చి ఆపింది. "గది ఎవ్వరు చెప్పలేరమ్మా. ఏ దోమ యాడ పుట్టిందో మనకు తెల్వదు. కానీ గీ నీళ్లల్ల ఉన్న పురుగులు రేపు దోమలై ఎవరినో కుడుతయి. అది మాత్రం తెల్సు."

నాన్న పట్టకారుతో మూత విప్పాడు. నీళ్లన్నీ వంపాక, కూలర్ లోపలి గోడలకు దోమగుడ్లు అంటుకుని ఉంటాయని రోజారాణి చెప్పినట్టే స్నిగ్ధ బ్రష్‌తో మూలమూలా రుద్దింది.

వారం తర్వాత అలేఖ్య ఇంటికి వచ్చింది. బాగా చిక్కిపోయింది. స్నిగ్ధ మంచం పక్కన కూర్చుని, దాచకుండా జరిగిందంతా చెప్పింది. అలేఖ్య గోడ వైపు తిరిగి పడుకుంది.

స్నిగ్ధకు ఏడుపొచ్చింది. కానీ ఇంటికి వెళ్లిపోలేదు. ఇన్నాళ్లూ తాళం వేసి ఉన్న ఇల్లు కదా, పెరట్లో బకెట్ల నిండా వాననీళ్లు నిలిచి ఉన్నాయి. అలేఖ్య వాళ్లమ్మను అడిగి, ఒక్కొక్కటే బోర్లించి, కడగడం మొదలుపెట్టింది.

నాలుగో బకెట్ దగ్గర ఉండగా తలుపు చప్పుడైంది. అలేఖ్య మెల్లగా వచ్చి గడప మీద కూర్చుంది. స్నిగ్ధ బకెట్ రుద్దుతుంటే చూసింది.

"బాత్‌రూం ఎన్క నీళ్ల గోలెం గూడ ఉంది," అంది చివరికి. "అది నీకు కనవడదు. ఉండు, చూపిస్త."