ఒక మోకాలు, ఇద్దరు మొండివాళ్లు

"లైటు ఎవరు వేశారు?" తెరమీంచి కళ్లు తిప్పకుండానే అరిచాడు స్కాన్ డాక్టరు.

"నేనే. మీ కళ్లు తెరుచుకుంటాయేమోనని."

అతను కుర్చీ గిర్రున తిప్పాడు. గుమ్మంలో ఎముకల డాక్టరు నిలబడి ఉంది. ఒక చేతిలో అతను రాసిన రిపోర్టు, రెండో చెయ్యి స్విచ్చి మీద. ఆ చెయ్యి అక్కణ్నుంచి తీసే ఉద్దేశం ఆమెకున్నట్టు లేదు.

ఆస్పత్రిలో ఆమెను మొండిఘటం అంటారు. పెద్ద డాక్టరు ముద్దుగా పెట్టిన పేరు, మిగతావాళ్లు ముద్దు తీసేసి వాడుకుంటున్నారు. అతనికి పేరు పెట్టింది నర్సులు. కిటికీల్లేని చీకటిగదిలో పొద్దస్తమానం స్కాన్లు చదువుతూ కూర్చునే మనిషిని గుడ్లగూబ అనక ఇంకేమంటారు? ఇద్దరూ ఇన్నాళ్లూ ఫోన్లో పోట్లాడుకున్నారే తప్ప ఎదురుపడింది లేదు. ఆ గొంతులోని పెద్దరికం విని ఆమె ఎవరో బట్టతల పెద్దమనిషిని ఊహించుకుంది. తీరా చూస్తే ఒత్తయిన జుట్టూ, నిద్రలో లేపిన పిల్లాడి మొహమూ. ఆమె కోపం ఒక్క క్షణం దారి తప్పింది. వెంటనే దాన్ని చెవి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది.

"నిచ్చెన పిల్ల స్కాన్ చదివింది మీరే కదా?"

"నిచ్చెన పిల్లేమిటి?"

"ఫైర్ స్టేషన్లో ట్రైనింగ్ అవుతోంది. వార్డంతా అలాగే పిలుస్తున్నారు. కుడి మోకాలు. ముందు లిగమెంటు ఇంటాక్ట్ అని రాశారు."

"ఇంటాక్టే. రండి, చూపిస్తా." అతను తెర మీద వేలు పెట్టాడు. "పైన తొడ ఎముక, కింద కాలి ఎముక, రెంటినీ పట్టి ఉంచే పట్టీ ఇదిగో. కాస్త వాలినట్టుంది గానీ తెగలేదు."

"తెగింది."

"ఎక్కడ?"

"మోకాల్లో! కాలు ముందుకి లాగితే జారిపోతోంది. నా చేతికి తెలుస్తోంది."

"మీ చేతికి కళ్లున్నాయా?"

"మీ కళ్లకి చేతులున్నాయా? పేషెంటుని ముట్టుకుని ఎన్నాళ్లయింది?"

అతను ఆమె చేతిలోని కాగితం వైపు చూపించాడు. "రిపోర్టు కింద రాశాను కదండీ, పరీక్షించి సరిచూసుకోవాలని."

"సరిచూశాను. సరిపోలేదు. అందుకే వచ్చాను." ఆమె గొంతులో వేళాకోళం పోయింది. "ట్రైనింగులో పడి కొన్ని నెలలైంది. వాపు తగ్గింది, నడుస్తోంది, కానీ ఒక్కసారి పక్కకి తిరిగితే మోకాలు మడతపడుతోంది. మీ రిపోర్టు చూసి పెద్ద డాక్టరు గారు ఆపరేషన్ వద్దన్నారు. ఫిజియో చేయించి, డ్యూటీకి ఫిట్ అని పంపేస్తారట. మళ్లీ నిచ్చెనెక్కుతుంది. పైన మోకాలు జారితే కిందపడేది మీ రిపోర్టు కాదు, ఆ పిల్ల."

అతను తెర మీంచి వేలు తీసేశాడు.

"ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

"వార్డుకి రండి. మీ చేత్తో పట్టుకు చూడండి."

"నేనా?"

"మీరే. భయమా?"

భయమే. కానీ ఆ మాట ఒప్పుకునే రకం కాదతను. లేచి వెంట నడిచాడు.

వార్డులో నిచ్చెన పిల్ల మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పక్కన స్టూలు మీద వాళ్ల అమ్మమ్మ. ఈ పిల్లని పెంచింది ఆవిడే. ఆస్పత్రిలో ఎవరు ఎవరితో మాట్లాడరో, ఎవరి టిఫిను డబ్బా ఎవరు తింటారో వచ్చిన రోజే కనిపెట్టేసిన మనిషి.

"ఈ అబ్బాయెవరమ్మా? ఎండ మొహం చూసినట్టు లేడు."

"స్కాన్ డాక్టరు గారు, అమ్మమ్మా. ఇంకోసారి పరీక్ష చేస్తారు," అంది ఎముకల డాక్టరు.

అతను కాలు పట్టుకోగానే పిల్ల ఉలిక్కిపడింది. "అబ్బ! చేతులు ఐసులా ఉన్నాయి సార్."

ఎముకల డాక్టరు నవ్వు బిగబట్టుకుంది. "ఎడమ చెయ్యి తొడ మీద. కుడి చెయ్యి మోకాలి కింద. మోకాలు కొంచెం వంచండి. అంత కాదు. ఇప్పుడు కింది కాలిని మీవైపు లాగండి."

అతను లాగాడు. "ఏదీ? కదలట్లేదే." గొంతులో గెలిచిన సంబరం.

"కదలదు. అమ్మాయి తొడ కండరం బిగబట్టింది. కండరం అడ్డుపడితే లిగమెంటు సంగతి బయటపడదు. కాలు వదిలెయ్యి తల్లీ."

"వదిలేశాను డాక్టర్ గారూ."

"వదల్లేదు." ఆమె వంగి అతని చేతుల మీద తన చేతులు వేసి, బొటనవేలు ఎక్కడుండాలో సరిచేసింది. చల్లటి చేతులు. ఆ విషయం ఆమె గమనించాల్సిన అవసరం లేదు, అయినా గమనించింది. తలెత్తితే అతను ఆమెనే చూస్తున్నాడు.

"అదేం పరీక్షే తల్లీ!" అంది అమ్మమ్మ. "పట్టుకున్నది నా మనవరాలి మోకాలు, చూసుకుంటున్నది ఒకళ్ల మొహం ఒకళ్లు!"

పిల్ల పకపకా నవ్వేసింది. ఆ నవ్వుతో ఒళ్లంతా సడలింది, తొడ కండరంతో సహా.

"లాగండి, ఇప్పుడే!"

అతను లాగాడు. కాలు ముందుకి జారింది. ఇంకా జారింది. ఆగాల్సిన చోట ఆగలేదు. అతని మొహంలో రంగు మారింది. ఎడమ మోకాలు పట్టుకుని లాగాడు. అది టక్కున ఆగింది. మళ్లీ కుడిది పట్టుకున్నాడు. మళ్లీ జారింది.

"ఏమంటారు?" అందామె.

అతను పిల్ల కాలు జాగ్రత్తగా మంచం మీద పెట్టి, గబగబా బయటికి వెళ్లిపోయాడు.

పారిపోయాడనుకుంది ఆమె. తప్పు ఒప్పుకోవడానికి నామోషీ. ఇలాంటి మనిషి చేతులు చల్లగా ఉన్నాయో వేడిగా ఉన్నాయో పట్టించుకున్నందుకు తన మీద తనకే చిరాకు వేసింది.

మర్నాడు పొద్దున్నే పెద్ద డాక్టరు గదిలో ఒంటరిగానే యుద్ధానికి దిగింది.

"నీ చెయ్యి మంచిదే, కాదనను," అన్నాడాయన. "లోపలికి కెమెరా పెట్టి చూస్తే లిగమెంటు నిక్షేపంగా ఉందనుకో. ఉత్తిపుణ్యానికి కోశావని ఆ పిల్ల అడిగితే ఏం చెబుతావు?"

"తప్పు నాదని చెబుతాను సార్. మనం ఫిట్ అని పంపాక నిచ్చెన మీంచి పడితే, వాళ్ల అమ్మమ్మకి ఎవరేం చెబుతారు?"

పెద్ద డాక్టరు ఫైలు తిరగేస్తుండగా తలుపు తెరుచుకుంది. స్కాన్ డాక్టరు లాప్‌టాప్ పట్టుకుని, కిటికీ వెలుతురికి కళ్లు చికిలిస్తూ లోపలికి వచ్చాడు.

"నేను ఇంటాక్ట్ అని రాసింది తప్పు సార్." కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "లిగమెంటు పై కొస ఎముక నుంచి ఊడిపోయింది. ఊడి ఊరుకోలేదు, వెనక లిగమెంటుకి వెళ్లి అతుక్కుంది. అందుకే పక్కనుంచి చూస్తే తెగనట్టే ఉంది. ఎదురునుంచి చూస్తే ఇదిగో, తొడ ఎముక లోపలి గోడ ఖాళీగా ఉంది. అక్కడ పట్టీ ఉండాలి, లేదు. రిపోర్టు మార్చి రాశాను."

"మొదటిసారి కనబడలేదేమయ్యా?"

"వెతకలేదు సార్. పట్టీలాంటిది కనబడగానే సంతోషపడిపోయి ఇంకో స్కానుకి వెళ్లిపోయాను."

ఆమెకు అతని మీద ఒక్కసారిగా గౌరవం కలిగింది. ఉత్త గౌరవమైతే బాగుండేది. గుండె కూడా ఎందుకో తొందరపడుతోంది.

"ఇంకొకటుంది," అన్నాడతను ఆమె వైపు తిరిగి. "ఎముకల మధ్య కుషన్‌లా ఉండే మెనిస్కస్. లోపలి వైపు దాని వెనక అంచున సన్నటి తెల్లగీత. అక్కడ కూడా ఊడిందని నా అనుమానం."

"అక్కడేం లేదు. నొక్కి చూశాను, నొప్పి లేదంది."

"అది చేతికి అందే చోటు కాదండీ."

"స్కాన్లో కనబడ్డ ప్రతి గీతా చిరుగే అయితే మాకు తిండికి కూడా తీరికుండదు."

"మీ చెయ్యి చెప్పింది నేను నమ్మాను. నా కన్ను చెప్పింది మీరు నమ్మరా?"

ఆమె బుగ్గలు వేడెక్కాయి. పెద్ద డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఫైలు మూసేశాడు. "థియేటర్లో తేల్చుకోండి. చెయ్యమ్మా ఆపరేషన్, నేను పక్కనుంటాను. బాబూ, నువ్వు కూడా రా. నీ గీత నువ్వే చూసుకుందువుగాని."

ఆపరేషన్ రోజున, మత్తు ఎక్కాక ఆమె ఇంకోసారి కాలు లాగి చూసింది. అడ్డుపడే కండరాలు నిద్రపోయాయి, మోకాలు ధారాళంగా జారింది. చిన్న గాట్లలోంచి కెమెరా లోపలికి పంపింది. తెర మీద తొడ ఎముక గోడ కనిపించింది. బోసిగా ఉంది.

"ఊఁ," అన్నాడు పెద్ద డాక్టరు. ఆయన నోట ఆ ఊఁ రావడం ఎంత అరుదో తెలిసిన నర్సు మాస్కు వెనక నవ్వుకుంది.

మెనిస్కస్ దగ్గరికి వచ్చింది. సన్నటి కొక్కెంతో పట్టి లాగి చూసింది. గట్టిగానే ఉంది. ముందునుంచి ఎటు చూసినా శుభ్రంగానే ఉంది.

"బావుందిగా. ఇక కొత్త లిగమెంటు పని చూడు," అన్నాడాయన.

స్కాన్ డాక్టరు గోడవారగా నిలబడి ఉన్నాడు. ఎవరో పొట్టివాళ్ల థియేటర్ బట్టలు తగిలించుకున్నాడు, పిక్కలు కనబడుతున్నాయి. ఒక్క మాట కూడా అనలేదు. చూడమని సైగ కూడా చేయలేదు.

ఆమె చేతిలో కెమెరా కదలకుండా ఆగింది. బాగున్నట్టు కనబడగానే సంతోషపడి ముందుకి పోవడం. ఈ పని చేసినందుకే కదా అతని గదికి వెళ్లి దులిపేసింది?

"సార్, వెనక్కి వెళ్లి చూస్తాను."

"అవసరమా?"

"చూస్తే తెలుస్తుంది సార్."

కెమెరాను ఎముకల మధ్య సందులోంచి మెల్లగా మోకాలి వెనక్కి నెట్టింది. అక్కడా మొదట ఏమీ కనబడలేదు. పక్కనుంచి సూది గుచ్చి, పైన పొరను కాస్త ఎత్తింది. మెనిస్కస్ అంచు చొక్కా జేబు కుట్టు ఊడినట్టు తెరుచుకుంది. సరిగ్గా అతను చెప్పిన చోటే.

అందరికీ తెలుసు. దీన్ని ఇలాగే వదిలేస్తే కొత్త లిగమెంటు ఒంటరిగా బరువంతా మోసి, ఏదో ఒకరోజు అదీ సాగిపోయేది. అప్పటికి పిల్ల నిచ్చెన మీద ఉండేది.

ఇరుకు చోటు, కుట్టు ఒక పట్టాన పడలేదు. పడేదాకా వదల్లేదు ఆమె. కుట్టాక, అదే కాలి తొడ వెనకనుంచి తీసిన కండరపు కొసల గట్టి తాళ్లను మడిచి కొత్త లిగమెంటు తయారుచేసింది. ఎముకల్లో దారి తొలిచి, పాతది ఉండాల్సిన చోటికి లాగి బిగించింది. చివరికి కాలు పట్టుకుని ముందుకి లాగింది.

టక్కున ఆగింది.

"మీరు కూడా చూడండి," అంది గోడవైపు తిరిగి. అతని మాస్కు పైన కళ్లు మాత్రమే కనబడుతున్నాయి, అవి తడిగా ఉన్నాయి.

తరవాత చేతులు కడుక్కునే కుళాయి దగ్గర అతన్ని నిలదీసింది. "లోపల ఒక్క ముక్క మాట్లాడలేదేం? నేను చూడకుండా వదిలేసి ఉంటే?"

"వదలరని తెలుసు."

"ఎలా?"

"నా గదిలో చొరబడి లైటు వేసిన మనిషి, మోకాల్లో చీకటి మూల చూడకుండా పోతుందా?" అతను తువ్వాలు అందించాడు. "మీతో ఒక మాట..."

"వద్దు. ఇప్పుడు అడక్కండి."

"నేనింకా ఏమీ అడగలేదు!"

"అడగబోతున్నారు. నేను ఔననబోతున్నాను. ముందు ఆ పిల్ల మళ్లీ నిచ్చెన ఎక్కాలి. ఎక్కేదాకా నా బుర్రలో ఇంకో మాటకి చోటు లేదు."

"మొండిఘటం అని ఊరికే అన్నారా?"

"గుడ్లగూబ అని కూడా ఊరికే అనలేదు. పగటిపూట కూడా కాస్త పైకి వస్తూ ఉండండి."

వచ్చాడు. నెలల తరబడి వచ్చాడు. ఫిజియో హాల్లో పిల్ల కాలు వంచలేక ఏడిస్తే పక్కన కూర్చుని తను కూడా గోడకి వీపు ఆనించి గుంజీలు తీశాడు, తీయలేక కిందపడి దాన్ని నవ్వించాడు. "ఇక నావల్ల కాదు, ఆఫీసులో కుర్చీ ఉద్యోగం అడుక్కుంటాను," అని పిల్ల మొండికేసిన రోజున ఎముకల డాక్టరు దాని ఎదురుగా కూర్చుంది. "కుర్చీ కావాలంటే నేనే ఉత్తరం రాసిస్తా. నీకు నిజంగా కుర్చీ కావాలా?" అని అడిగింది. పిల్ల ముక్కు తుడుచుకుని లేచి నిలబడింది.

పరీక్ష రోజున ఫైర్ స్టేషన్ మైదానంలో వాన మొదలైంది. నిచ్చెన మెట్లన్నీ తడిసి మెరుస్తున్నాయి. వాయిదా వేద్దామన్నాడు అక్కడి ఆఫీసరు.

పిల్ల ఎముకల డాక్టరు వైపు చూసింది. "ఎక్కమంటారా?"

"నీ మోకాలు తయారుగా ఉంది. నువ్వు?"

పిల్ల హెల్మెట్ బిగించుకుంది. ఎక్కడం మొదలుపెట్టింది.

కింద గొడుగు పట్టుకుని అమ్మమ్మ, పక్కనే తడుస్తూ ఇద్దరు డాక్టర్లు. సగం పైకి వెళ్లాక నిచ్చెన మారి పక్కకి తిరగాలి. మోకాలు మోసం చేసేది సరిగ్గా అక్కడే. పిల్ల కుడికాలి మీద బరువంతా వేసింది. ఎముకల డాక్టరు చెయ్యి పక్కనున్న చేతిని వెతుక్కుని గట్టిగా పట్టేసింది.

పిల్ల తిరిగింది. మోకాలు నిలబడింది. మిగతా మెట్లు పరుగులాంటి నడకతో ఎక్కేసింది.

"మీరంటే నాకిష్టం," అంది ఎముకల డాక్టరు, కళ్లు నిచ్చెన మీంచి తిప్పకుండానే. "ఇన్నాళ్లూ ఆపుకున్నాను. ఇక నావల్ల కాదు."

"అడగాల్సింది నేను కదా?"

"అయితే అడగండి, త్వరగా."

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"చేసుకుంటాను. ఇవాళ మీ చేతులు వెచ్చగా ఉన్నాయేం?"

"మీరు ఇందాకటినుంచి నలిపేస్తున్నారు, వెచ్చబడక ఏం చేస్తాయి?"

చిట్టచివరి మెట్టు మీదనుంచి పిల్ల ఒక చెయ్యి నోటికి అడ్డంపెట్టి అరిచింది. "డాక్టర్ గారూ! ఇక్కణ్నుంచి అంతా కనబడుతోంది!"

ఇద్దరూ గతుక్కుమని చేతులు విడిపించుకోబోయారు. అమ్మమ్మ ఆ రెండు చేతుల్నీ మళ్లీ కలిపి పట్టుకుని, తన గొడుగు వాళ్ల మీదికి జరిపింది.

"నీకు ఇప్పుడా కనబడింది?" అని మనవరాలి వైపు గొంతెత్తి అరిచింది. "నాకు కిందనుంచే ఎప్పుడో కనబడింది! జాగ్రత్తగా దిగు, పెళ్లిపనులున్నాయి!"