బొమ్మలో కొత్త ముక్క

“నిన్న ఈ బూడిదరంగు ముక్క ఇక్కడ లేదు,” అంది ఫొటోగ్రాఫర్.

“ఉందేమోనండీ. మీరు సరిగా చూసుండరు,” అన్నాడు ఆర్టిస్టు, బ్రష్షులు కడిగే నీళ్ళ డబ్బాలోకి అతి శ్రద్ధగా చూస్తూ.

“సరిగా చూడకపోవడం నాకు అలవాటు లేదు.”

గొప్పలకి పోయి అన్న మాట కాదది. తన పని మీద ఆమెకి ఏనాడూ అనుమానం లేదు. ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పింది. తెర మీద నిన్నటి ఫొటో. ఎదురుగా గోడకి ఆనించిన అసలు బొమ్మ. తలుపంత చెక్క పలక మీద పాత గుడ్డలు, చింపిన మ్యాపులు, తీగలు, దారాలు, వాటి మీద రంగు, రంగు మీద మళ్ళీ గుడ్డ. దగ్గర్నుంచి కలగూరగంప. నాలుగడుగులు వెనక్కి వేస్తే మాత్రం అప్పుడే వాన వెలిసిన వీధి.

స్టూడియో గుమ్మంలోంచి అతని అక్క తొంగిచూసింది. ఎగ్జిబిషన్ జరిగే గ్యాలరీ ఆవిడదే, అందులో పెట్టే బొమ్మల ఫొటోలతో పుస్తకం అచ్చు వేయించేదీ ఆవిడే.

“ఒరేయ్ జిగురూ, మళ్ళీ మార్చావా?” చేతులకి ఎప్పుడూ జిగురు పూసుకుని తిరుగుతాడని చిన్నప్పుడే పెట్టిన పేరది. “పుస్తకంలో ఫొటో, గోడ మీద బొమ్మ ఒక్కలాగే ఉండాలి. తేడా ఉంటే ఆ బొమ్మ నా గోడ ఎక్కదు. సాయంత్రం పుస్తకం ప్రెస్సుకి వెళ్ళిపోతోంది. తమ్ముడివని ఆగను.”

ఆవిడ వెళ్ళిపోయింది. అతనికిది మొదటి ఎగ్జిబిషన్. ఫొటోగ్రాఫర్‌కేమో తన పేరుతో వచ్చే మొదటి పుస్తకం. మిగతా ఆర్టిస్టుల పేజీలన్నీ ఎప్పుడో పూర్తయ్యాయి. ఇతనొక్కడే కొరకరాని కొయ్యలా తయారయ్యాడు.

అసలు మొదటిరోజే గొడవ. “మీ బొమ్మ మీద మీ నీడే పడుతోంది, జరగండి,” అని అతని స్టూడియోలో అతన్నే మూలకి నెట్టింది. లైటు బాగా కిందికి దించి పక్కనుంచి వేసింది. ప్రతి దారం, ప్రతి ముడత నీడతో సహా లేచి నిలబడ్డాయి. అతను దగ్గరికొచ్చి ఒక్కో దారాన్నీ కొత్తగా చూశాడు.

“ఇన్నాళ్ళూ అందరూ ఎదురుగా ఫ్లాష్ కొట్టి దీన్ని క్యాలెండర్ కాగితం చేసేశారండీ,” అన్నాడు చివరికి.

తర్వాత బొమ్మ పక్కన నిలబెట్టి అతని ఫొటో తీయబోతే ఇంకో తంటా.

“లెన్స్‌లోకి చూడండి.”

“చూస్తున్నాను.”

“నన్ను చూస్తున్నారు. లెన్స్ ఇక్కడుంది.”

ఆ ఫొటో ఇప్పటికీ కుదరలేదు. అతను నచ్చాడని ఆమెకి ఆ రోజే తెలుసు. పని పూర్తయ్యాక చూద్దాంలే అనుకుంది. పని పూర్తయితే కదా.

ఇవాళ విసుక్కుంటూనే మళ్ళీ లైట్లు సర్ది, మళ్ళీ తీసింది. ఫోకస్ సరిచూడడానికి ఫొటోని పెద్దది చేసి ఓ మూల నుంచి మెల్లగా జరుపుకుంటూ వచ్చింది. బూడిదరంగు ముక్క దగ్గర వేలు ఆగిపోయింది.

అది టేపు. ట్రైపాడ్ ఎక్కడ పెట్టాలో నేల మీద తను గుర్తు కోసం అంటించే టేపు. దాని మీద తన చేతిరాతే ఉంది, ‘కదపొద్దు’ అని. పక్కనే పసుపు రంగు కింద, తను పని చేస్తూ చప్పరించే అల్లం బిళ్ళ కాగితం. ఆ పైన ఎర్రదారంతో కుట్టిన నల్లగుండీ.

ఆమె కుర్చీ అతని వైపు తిప్పింది.

“నా కోటు గుండీ ఊడిపోతే మొన్న బల్ల కింద దూరి వెతికాను. నాతోపాటు మీరూ దూరారు.”

“అప్పటికి నిజంగానే దొరకలేదండీ. మీరు వెళ్ళాక దొరికింది.”

“ఫోన్ చేసి చెప్పొచ్చుగా.”

“చెప్తే తీసుకెళ్ళిపోయేవారు.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. గబగబా బల్ల మీది చాకు అందుకున్నాడు. “తప్పే. ఇప్పుడే అన్నీ ఊడదీసేస్తాను.”

“ముట్టుకుంటే ఊరుకోను. మళ్ళీ తీసే టైము లేదు.” చాకు లాక్కుని తన బ్యాగులో పడేసింది. “ఒక్కటి చెప్పండి. బొమ్మ పూర్తయితే నేను రావడం మానేస్తానని భయమా?”

ఈసారి అతను నీళ్ళ డబ్బాలోకి చూడలేదు, నీళ్ళు నమలలేదు.

“అవును. మీరంటే నాకిష్టం. ఆ మాట మీతో చెప్పడం చేతకాక ఇక్కడ అంటిస్తూ వచ్చాను.”

ఆమెకి పట్టరానంత సంతోషం వేసింది. నోరు తెరిచేలోపు గుమ్మంలో అక్క మళ్ళీ ప్రత్యక్షమైంది, చేతిలో ఫోనుతో.

“ఫొటో వచ్చినట్టేనా? బొమ్మకి ఏమేం వాడావో ఫొటో కింద వెయ్యాలి. చెప్పరా.”

“చెక్క, గుడ్డ, మ్యాపులు, తీగ, దారం...” అతను గుండీ వైపు చూసి ఆగాడు.

“టేపు, అల్లం బిళ్ళ కాగితం,” అందించింది ఆమె. “ఫొటోగ్రాఫర్ కోటు గుండీ.”

టైపు చేస్తున్న అక్క ఆగింది. ఫొటోగ్రాఫర్ కోటు వంక చూసింది. తమ్ముడి చెవుల వంక చూసింది.

“అడిగి తీసుకున్నావా, కొట్టేశావా?”

“కొట్టేశాను.”

“దొంగసొత్తు నా గోడ ఎక్కదు.”

“దొంగసొత్తు కాదండీ,” అంది ఫొటోగ్రాఫర్, లేచి వెళ్ళి అతని పక్కన నిలబడుతూ. “మొన్న కొట్టేశాడు. ఇవాళ నేనే ఇచ్చాను.”

అక్క కాసేపు ఇద్దరినీ పరీక్షగా చూసి, మిగిలింది టైపు చేసుకుంది.

“అలాగైతే నన్ను అండీ అనకు. వదినా అను,” అనేసి వెళ్ళిపోయింది.

గదిలో ఇద్దరే మిగిలారు. ఆమె కెమెరా వెనక్కి వెళ్ళింది.

“బొమ్మ పక్కన నిలబడు. నీ ఫొటో ఇంకా మిగిలింది.”

అతను బుద్ధిగా నిలబడ్డాడు. “లెన్స్‌లోకి చూడాలా?”

“ఇక అక్కర్లేదు,” అంది ఆమె.