అండాలు దాచిన తమ్ముడు

ఎల్బీనగర్‌లోని ఆ ఇంట్లో పొద్దున్నే సాంబ్రాణి వాసన. అండాలు పీటమీద కూర్చుని, చాపిన కాళ్లమీద నెల నిండని మనవరాలిని పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తోంది. ఆవేళ పాపకి వినికిడి పరీక్ష. చెవులు చురుగ్గా ఉండాలి కదా! రోజూ చెవిలో రెండు చుక్కల నూనె పోసేది, ఆవేళ నాలుగు పోసింది.

దవాఖానలో రెండు చెవులూ పరీక్ష తప్పాయి.

"ఇది మొదటి వడపోత పరీక్ష మాత్రమే అమ్మా. ఇందుల తప్పిన పిల్లల్ల శానమందికి మంచిగనే ఇనిపిస్తది. వారం తర్వాత మళ్ల తీసుకురండి" అంది పరీక్ష చేసిన అమ్మాయి.

కూతురు శ్రీకళ తలూపింది. అండాలు బుర్రకి మాత్రం తప్పిందన్న మాట తప్ప ఇంకేదీ ఎక్కలేదు.

ఆమె తమ్ముడు భిక్షపతికి పుట్టుచెవుడు. తుర్కయంజాల్‌లో దర్జీ. కోస్తావాళ్ల సంబంధం ఎక్కడ తప్పిపోతుందోనని శ్రీకళ పెళ్లికి తోడబుట్టినవాణ్ణే పిలవలేదు అండాలు. ఆ పాపమే ఇప్పుడు పసిదానికి తగిలిందని ఆమె భయం.

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ నుంచి వియ్యపురాలు వేదవతి వచ్చింది. "ఏంటొదినా, మొహం అలా పీక్కుపోయింది?"

ఆ పలకరింపుకే అండాలు భోరుమంది. "మా తమ్మునికి ఇనబడది వదినా. మీకు జెప్పకుండ దాచిన. మా రక్తమే పిల్లకొచ్చింది."

"మామను పిలువమని ఎంత మొత్తుకున్న, ఇన్నవా?" శ్రీకళ గొంతు పెరిగింది. "ఆయినె కుట్టిన జాకెట్లు తొడుక్కుంటిమి, ఆయినెను మాత్రం దాస్తిమి!"

వేదవతి చేతిసంచి కింద పెట్టి ఎదురుగా కూర్చుంది. అండాలు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుంది.

"దాచినందుకు కోపం వచ్చింది, అబద్ధమెందుకు? పాపకి వినపడకపోతే చెవికి మిషన్ పెట్టిద్దాం, మేం లేమా? కానీ సొంత తమ్ముణ్ణి దాచుకోవడమేంటొదినా! బారసాలకి ఆయన రాకపోతే నేనూ రాను."

వారం తర్వాత అదే అమ్మాయి పాప చెవిలోకి లైటు వేసి చూసి నవ్వింది. "ఎవరమ్మా ఇంత నూనె పోసింది? ఇట్లుంటే శబ్దం లోపలికి ఎట్ల పోతది?"

"నేనే బిడ్డా. జర బాగ ఇనాలని రోజింత పోస్తున్న."

డాక్టరు చెవులు శుభ్రం చేశాక పాప రెండు చెవులతోనూ పరీక్ష నెగ్గింది. తల్లిని కోప్పడబోయిన శ్రీకళ పకపకా నవ్వేసింది. అండాలు ఏడుస్తూనే నవ్వి, ఇంటికి కాదు, తుర్కయంజాల్‌కి ఆటో మాట్లాడమంది.

భిక్షపతి కుట్టుమిషన్ ఆపి చూశాడు. అండాలు పాపని అతని ఒళ్లో పెట్టి, బారసాలకి రమ్మని సైగ చేసింది. అందరి ముందుకా అన్నట్టు అతను చెయ్యి తిప్పాడు. ఆమె గట్టిగా తలూపింది. వినపడదని తెలిసినా నోటితో చెప్పకుండా ఉండలేకపోయింది.

"తప్పైంది తమ్మీ."

అతను ఆమె పెదాలనే చూశాడు. పాపని ఒక చేత్తో పొదువుకుని లేచి, రెండో చేత్తో అక్కని తన స్టూలు మీద కూర్చోబెట్టాడు.